పదిహేడు మెట్లు, ఒక క్రియాపదం

ఆ రోజు ఉదయం నిదానం గారి పథకం చాలా సాదాసీదాది. తొమ్మిదింటికి పోస్ట్‌మన్ వస్తాడు, ఒక ఉత్తరం ఇస్తాడు. అందులోంచి ఒక్క వాక్యం చీటీ మీదికి ఎక్కించాలి. ఆ చీటీ జేబులో పెట్టుకుని, మెట్లు దిగి, సాయంత్రం నాలుగులోగా ఆఫీసులో ఇవ్వాలి. ఇంతకన్నా తేలికైన పని లోకంలో ఉంటుందా? మెట్లుంటే చాలు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ అది జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. "నిదానమే ప్రధానం" అని రోజుకు పదిసార్లు అంటారు కనక ఆయన నిదానం గారయ్యారు. పనిచేసేది ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసే నిఘంటువు కార్యాలయంలో. అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో అక్షరం అప్పగించారు. ఈయనకు 'ఈ' దక్కింది. 'ఎఫ్' రాసినాయన ముగించి మనవళ్లతో ఆడుకుంటున్నాడు. 'జి' రాసినావిడ ముగించి 'హెచ్' కూడా రాసేసింది. నిదానం గారు మాత్రం ఇరవై రెండేళ్లుగా 'ఈ' దగ్గరే ఉన్నారు.

తప్పంతా ఆయనదే అనడం అన్యాయం. ఆ కార్యాలయంలో ఒక పద్ధతుంది. ఏ మాటకైనా అర్థం అచ్చులోకి వెళ్లాలంటే మూడు చీటీలు కావాలి. ఒక్కో చీటీ మీద, ఆ మాటను ఎవరో నిజమైన మనిషి, నిజమైన అవసరం పడి, నిజమైన కాగితం మీద వాడిన వాక్యం ఉండాలి. ఉదాహరణ కోసం అల్లింది పనికిరాదు. సిబ్బంది రాసింది అసలే పనికిరాదు. 'ఈ'లో మాటలన్నీ అలా మూడేసి చీటీలతో ఒడ్డెక్కాయి, ఒక్క క్రియాపదం తప్ప. అది 'ఎక్స్‌పెడైట్'.

దాని అర్థం ఆయనకు కంఠతా వచ్చు. జరగాల్సిన పనికి ఉన్న అడ్డు తీసేసి, త్వరగా జరిగేలా చూడటం. పుట్టుక కూడా వచ్చు. లాటిన్‌లో 'ఎక్స్' అంటే బయటికి, 'పెడ్' అంటే పాదం. ఉచ్చులో ఇరుక్కున్న కాలిని బయటికి లాగడం దాని అసలు అర్థం. నాలుగు నెలలుగా భోజనం దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఆయన ఈ కాలు సంగతి చెబుతూనే ఉన్నారు, ఇంటిల్లిపాదీ వింటూనే ఉన్నారు. లేనిది వాడుక. రిటైరైన జడ్జిగారొకాయన పాలవాడికి రాసిన చీవాట్ల ఉత్తరంలో ఒకసారి దొరికింది. ప్రెస్సు యజమాని ఒకాయన సిరా కంపెనీకి రాసిన దాంట్లో రెండోసారి దొరికింది. మూడోది దొరకలేదు. ఊళ్లో ఎవరికి తొందరున్నా "త్వరగా కానివ్వండి" అని ఊరుకుంటున్నారు తప్ప, నిదానం గారి మీద జాలిపడి ఆ మాట వాడినవాడు లేడు.

ఆఖరికి పై అధికారిణికి ఓపిక నశించింది. ఆవిడను అందరూ గడువు మేడమ్ అంటారు. "నిదానమే ప్రధానం కాదండీ, ఆలస్యం అమృతం విషం," అంది ఆవిడ. "గురువారం సాయంత్రం నాలుగు. మూడో చీటీ వస్తే సరి. లేదంటే ఆ మాట తీసేసి 'ఈ'ని ప్రెస్సుకు పంపుతా. మాట వదిలేసిన అక్షరానికి కూర్చినవాళ్ల పేరు వెయ్యరని మీకు తెలుసుగా."

తెలుసు. తెలిసే నిదానం గారికి నిద్ర పట్టడం లేదు. 'ఈ' విభాగం మొదటి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో తన పేరు. ఇరవై రెండేళ్లుగా ఆయన కోరుకున్నది అదొక్కటే. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు తెల్లకాగితం తీసి, పేరు ఎక్కడ పడుతుందో స్కేలుతో కొలిచి చూసుకునేవారు. ఇల్లాలు చూసేది కానీ చూడనట్టు ఉండేది.

దాంతో ఆయన జీవితంలో మొదటిసారి ఒక గడుసు పని చేశారు. వాళ్లుండేది గృహనిర్మాణ బోర్డు వారి రెండంతస్తుల ఇల్లు. కింద కుట్టుమిషన్లు బాగుచేసే షాపు, పైన వీళ్లు. పైకి రావడానికి బయటి గోడకు ఆనించి పదిహేడు చెక్కమెట్లు. నాలుగోది ఊగుతుందనీ, తొమ్మిదోది మూలుగుతుందనీ, పాతవి తీసి కొత్తవి వేయాలనీ ఇల్లాలు పదకొండేళ్ల కిందట బోర్డుకు దరఖాస్తు పెట్టింది. అది పెట్టిన చోటే ఉంది. నిదానం గారు సోమవారం ఆ దరఖాస్తు నంబరు వేసి, చేతికందిన ఆఫీసు కాగితం మీద, ఆఫీసు ముద్ర కొట్టి, "దయచేసి మా మెట్ల విషయం ఎక్స్‌పెడైట్ చేయగలరు" అని రాశారు. తాను రాసింది చెల్లదు. కానీ ఏ ఆఫీసైనా ఏం చేస్తుంది? "మీ విషయం ఎక్స్‌పెడైట్ చేయబడుచున్నది" అని అదే మాట తిరిగి రాస్తుంది. ఆ జవాబు చెల్లుతుంది! పదకొండేళ్లు కదలని దరఖాస్తు ఇప్పుడు కదులుతుందన్న భయం ఎలాగూ లేదు.

గురువారం ఎనిమిదింటికి, వాళ్లతోనే ఉండే అత్తగారు, అంటే ఇల్లాలి తల్లి, చేతికర్ర పట్టుకుని, మెట్లు దిగి, షికారుకు వెళ్లింది. నిదానం గారు బల్ల ముందు కూర్చుని ఖాళీ చీటీ మీద తేదీ వేస్తున్నారు. బయట ధడేల్మని చప్పుడైంది.

"ఏవండీ, మన గుమ్మం దగ్గరే. కాస్త చూడండి," అంది వంటింట్లోంచి ఇల్లాలు.

"కింద షాపులో ఏదో కొడుతున్నాడేమోలే. నిదానం."

రాత మధ్యలో లేవడం ఆయనకు అలవాటు లేదు. తేదీ ముగించి, సిరా ఆరనిచ్చి, కలానికి మూత పెట్టేసరికి బయట పద్నాలుగు మెట్లు మిగిలాయి. కళ్లజోడు కోసం బల్లంతా వెతికి, అది నుదుటి మీదే ఉందని తెలుసుకునేసరికి తొమ్మిది మిగిలాయి. బనియన్‌తో నలుగురి ముందుకు వెళ్లడం మర్యాద కాదని చొక్కా తొడుక్కుని, అయిదు గుండీలూ పెట్టుకుని, చెప్పులేసుకునేసరికి మూడు. తలుపు తీసేసరికి ఒక్కటి. ఆ ఒక్కదాని కింద గునపం పెట్టి, నిచ్చెన మీద మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

"సార్, కాలు వెనక్కి తీసుకోండి," అని మర్యాదగా చెప్పి అదీ ఊడదీశాడు.

"ఏం చేస్తున్నావయ్యా!"

"మీరు రాసిందే సార్. బోర్డు నుంచి వచ్చాం. 'త్వరగా', 'వెంటనే', 'అత్యవసరం' అని మాకు రోజుకు వంద వస్తాయి. వాటిని ఏ కట్టలో కట్టి ఏ అటక మీద పెట్టాలో మాకు తెలుసు. మీరు రాసిన మాట మాత్రం మా సారు సర్వీసులోనే చూళ్లేదట. పైగా ముద్రొకటి! 'ఇలాంటి మాట రాశాడంటే ఎంత పైవాడో ఏమో, కాఫీలు తాగుతూ కూర్చోకండి, బయల్దేరండి' అని తరిమారు సార్."

"పైవాడే," అంది వెనక నుంచి ఇల్లాలు. "ఇక కిందికి రాలేనంత పైవాడు."

నిదానం గారు గడప పట్టుకుని కిందికి తొంగిచూశారు. "మరి కొత్త మెట్లు?"

"అది కట్టే సెక్షన్ సార్. మాది తీసే సెక్షన్. మేం తీసేశామని కాగితం పెడతాం. వాళ్లు వచ్చి చూసి, కొలుచుకుని, వెళ్లి, మళ్లీ వచ్చి కొలుస్తారు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

మేస్త్రీ కాసేపు ఆకాశం కేసి చూశాడు. "ఆ సెక్షన్ మేస్త్రీ నాకు తోడల్లుడే సార్. అయినా మా ఇంటి ప్రహరీ ఆరేళ్లుగా లేవలేదు."

"నాయనా, తీసినవే మళ్లీ పెట్టెయ్యి. కొత్తవి వద్దు."

"పెడితే కట్టినట్టు సార్. తీసేవాడు కడితే ఉద్యోగం ఊడుతుంది," అని చెప్పి, ఎవరూ పొరపాటున కింద పడకుండా గుమ్మానికి అడ్డంగా రెండు చెక్కలు కూడా కొట్టాడు. తర్వాత నిచ్చెన దిగి, జేబులోంచి కవరు తీశాడు. "మీ ఉత్తరానికి జవాబు సార్. సంతకం పెట్టి తీసుకోండి."

జవాబు! నిదానం గారి ప్రాణం లేచొచ్చింది. మెట్లు పోతే పోయాయి, మాట దక్కింది కదా. కూరగాయల బుట్టకు బట్టలారేసే తాడు కట్టి, చెక్కల మీదుగా కిందికి దించారు. కవరు పైకొచ్చింది. చింపారు. అందులో రెండే వాక్యాలున్నాయి. "మీ లేఖ చూశాము. పని చేశాము."

కాగితం తిరగేశారు. వెలుతురుకు ఎత్తి చూశారు. కవరు దులిపారు. ఆ మాట ఎక్కడా లేదు.

"చేసేవాడికి మాటెందుకండీ," అంది ఇల్లాలు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, చీటీ రాకపోగా మెట్లు పోయాయి."

బండి మీద పదిహేడు మెట్లూ, నిచ్చెనా వెళ్లిపోయాక, షికారు ముగించుకుని అత్తగారు వచ్చింది. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ తలెత్తకుండా మొదటి మెట్టు ఉండాల్సిన చోట కాలెత్తి వేసింది. కాలు నేల మీదే పడింది. కర్రతో అటూ ఇటూ తడిమింది. అప్పుడు పైకి చూస్తే, రెండు చెక్కల మధ్య నుంచి కూతురూ అల్లుడూ తొంగిచూస్తున్నారు.

"అల్లుడుగారూ, మెట్లేవి?"

"అదేం లేదత్తయ్యా, చిన్న ఆఫీసు పని..."

"చిన్న పనికే మెట్లు పోయాయి. పెద్ద పని పెట్టుకోకండి, ఇల్లుంటుందో ఉండదో."

"అమ్మా, ఆ మాట కోసం ఈయన బోర్డుకు రాశారే," అని ఇల్లాలు జరిగిందంతా పైనుంచే అరిచి చెప్పింది. వీధిలో తెలియనివాళ్లెవరైనా ఉంటే వాళ్లకీ తెలిసిపోయింది. కుట్టుమిషన్ల షాపతను అత్తగారికి కుర్చీ వేశాడు. బుట్టలో మొదట ఆవిడ మాత్రలు దిగాయి, తర్వాత మంచినీళ్లు, తర్వాత గొడుగు. గొడుగు అందుకోగానే ఆవిడ లేచి నిలబడింది.

"నా మంచం పైనుంది, నేను కిందున్నా. ఆ కట్టే సెక్షనెక్కడే?"

"పెద్ద గడియారం పక్క వీధిలో. ఇప్పుడెందుకమ్మా?"

"ఎందుకేమిటే! మీ ఆయన నిదానంగా దిగొచ్చి అడిగేదాకా నేను ఈ కుర్చీలో పడుకోనా? మీరు అక్కడే ఉండండి."

"ఎక్కడికి పోతామే!" అంది కూతురు.

ఆవిడ వెళ్లాక నిదానం గారు గడువు మేడమ్‌కు ఫోన్ చేశారు. "మేడమ్, ఇవాళ రాలేకపోతున్నాను. మెట్లు లేవు."

"ఇరవై రెండేళ్లలో మీరు జ్వరమన్నారు, వానన్నారు, కలం పోయిందన్నారు, కళ్లజోడు పోయిందన్నారు. మెట్లు పోయాయనడం మాత్రం ఇదే మొదటిసారి. బాగుంది. మూడున్నరకు నేనే వచ్చి చూస్తా. చీటీ ఉంటే అక్కడే తీసుకుంటా. లేకపోతే అక్కడే ఆ మాట కొట్టేస్తా," అని పెట్టేసింది.

రెండింటి దాకా ఆయన గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. ఎలాగైనా కిందికి దిగి, ప్రెస్సుల వెంటా కోర్టుల వెంటా పడి మూడో చీటీ సంపాదించాలి. గుమ్మం పక్కనే గోడ వెంట నీళ్లగొట్టం ఉంది. కింది చెక్కకూ గడపకూ మధ్య దూరి, దాన్ని పట్టుకుని జారిపోవచ్చు. కానీ ఒక్కసారిగా దూరడం తొందరపాటు. ముందు ఒక కాలు పెట్టి చూద్దాం, నిదానంగా, అనుకున్నారు. గడప మీద కూర్చుని కుడికాలు బయటికి చాపారు. చీలమండ దాకా వెళ్లింది. చెప్పు బకిలు చెక్కకు పట్టుకుంది. ముందుకు తోస్తే రాలేదు, వెనక్కి లాగితే అసలే రాలేదు.

"ఏవండీ," అంది ఇల్లాలు తాపీగా, "ఉచ్చులోంచి కాలు లాగడానికి లాటిన్‌లో ఏమంటారన్నారు?"

"ఇప్పుడా!"

"నాలుగు నెలలుగా నేను వినలేదూ? ఇప్పుడు మీరు వినండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంటూనే సబ్బునీళ్లు పోసింది. రాలేదు. కింది షాపతను బుట్టలో కుట్టుమిషన్ నూనె డబ్బా పంపాడు. పాదం నిగనిగలాడింది తప్ప కదల్లేదు. నిదానం గారు వెల్లకిలా పడుకుని ఇంటికప్పు చూస్తూ ఉండిపోయారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలి నొప్పి కాదు, పేరు. స్కేలు పెట్టి కొలుచుకున్న ఆ అర అంగుళం జాగా.

"ఏడవకండి," అంది ఇల్లాలు, ఈసారి గొంతు తగ్గించి. "పుస్తకంలో పేరు లేకపోతే నేను గోడ మీద రాయిస్తాను."

సరిగ్గా మూడున్నరకు గడువు మేడమ్ చీటీల పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. పైకి చూసింది. మెట్లు లేవు. తలుపుంది. తలుపు అడుగున, చెక్కల కింద నుంచి వీధిలోకి చాచుకుని, నూనె కారుతున్న ఒక పాదముంది.

"నిదానం గారూ, ఇది మీరేనా?"

"నేనే మేడమ్," అని లోపలి నుంచి జవాబొచ్చింది. పాదం వేళ్లు కొంచెం వినయంగా ముడుచుకున్నాయి.

"మెట్ల సంగతి నిజమే. క్షమించండి," అంది ఆవిడ పాదంతో. "చీటీ ఉందా?"

"లేదు మేడమ్."

గడువు మేడమ్ కఠినురాలే కానీ రాతిబొమ్మ కాదు. గడియారం చూసుకుంది. "నేనైనా బోర్డుకు ఆ మాట పెట్టి ఒక ఉత్తరం రాసేదాన్ని. నేనూ సిబ్బందినే కదా, చెల్లదు. పద్ధతి పద్ధతే. నాలుగు దాకా ఆగుతా. అంతే నేను చేయగలిగింది." ఆవిడ కుట్టుమిషన్ల షాపు ముందు కుర్చీలో కూర్చుని, పెట్టె తెరిచి, ఎర్రసిరా కలం మూత తీసింది. ఆ మూత చప్పుడు పైన పడుకున్నాయనకు స్పష్టంగా వినిపించింది.

మూడూ ముప్పావుకు వీధి మలుపులో గొడుగు కనిపించింది. దాని కింద అత్తగారు. చేతిలో ఒక కాగితం.

"అమ్మా, పనయిందా?" అని కేకేసింది కూతురు.

"ఎక్కడవుతుందే! నోటితో చెబితే కుదరదన్నారు, రాసివ్వమన్నారు. రాశా. 'త్వరగా' అని రాస్తే ఆ గుమాస్తా చూడకుండానే కట్టలో దోపబోయాడు. లాక్కుని, మన అల్లుడుగారి మాట రాసిచ్చా. నాలుగు నెలలుగా తిండి మధ్య తింటున్నాం కదా, ఆ మాత్రం రాదా? అప్పుడు చూశాడు. లేచి నిలబడి ముద్ర కొట్టి, ఒక కాపీ నా చేతిలో పెట్టాడు."

గడువు మేడమ్ కుర్చీలోంచి లేచింది. "ఏదీ, ఒకసారి ఇవ్వండి," అని కాగితం తీసుకుని బయటికే చదివింది. "అయ్యా, మా అల్లుడు పైన ఉన్నాడు. నేను కింద ఉన్నాను. నా మంచం ఆయన దగ్గర ఉంది. కనుక మెట్ల పని ఎక్స్‌పెడైట్ చేయండి. చేయకపోతే రేపటి నుంచి మీ ఆఫీసులోనే పడుకుంటాను."

పైన పాదం నిశ్చలంగా ఉంది. ఊపిరి కూడా పీల్చడం లేదేమో అనిపించింది.

"ఇది నిఘంటువు కోసం రాశారా అమ్మా?" అని అడిగింది మేడమ్.

"నిఘంటువు నా నెత్తినేసుకోనా? నాకు నా మంచం కావాలి."

మేడమ్ వేళ్లు మడిచింది. "నిజమైన మనిషి. నిజమైన అవసరం. నిజమైన కాగితం, ముద్రతో సహా. సిబ్బంది కాదు. అత్తగారు చెల్లరని ఎక్కడా రాసిలేదు." పెట్టెలోంచి కొత్త చీటీ తీసి వాక్యం ఎక్కించింది. టైము వేసింది, మూడూ యాభై రెండు. "నిదానం గారూ, చెల్లింది!"

ఆ మాటకు నిదానం గారు జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా ఎగిరి గంతేశారు. కాలు ఊడి లోపలికొచ్చింది. చెప్పు బయటికొచ్చి, సరిగ్గా చీటీల పెట్టెలో పడింది. మేడమ్ దాన్ని రెండు వేళ్లతో తీసి బుట్టలో వేసి, "ఇది ఉదాహరణ కింద వద్దు," అంది.

సాయంత్రానికి ఆవిడే ఆఫీసు లైబ్రరీ నిచ్చెన తెప్పించింది. పై అరల్లో పుస్తకాలందుకునే పొడవాటి నిచ్చెన. షరతు ఒక్కటే, రోజూ పదింటికల్లా అది ఆఫీసులో ఉండాలి. షాపతను ఎక్కి గుమ్మానికి అడ్డున్న చెక్కలు తీశాక, డెబ్బై దాటిన అత్తగారు కర్ర బుట్టలో వేసి, ఒక్కో నిచ్చెన మెట్టుకూ ఒక్కో తిట్టు చొప్పున గబగబా ఎక్కి మంచం చేరింది. మర్నాటి నుంచి నిదానం గారు నిచ్చెన దిగి, దాన్ని భుజాన వేసుకుని ఆఫీసుకు, మళ్లీ భుజాన వేసుకుని ఇంటికి. జీవితంలో మొదటిసారి ఆయన రోజూ టైముకు ఆఫీసుకు చేరుతున్నారు.

మూడు నెలలకు నిఘంటువు అచ్చయి వచ్చింది. 'ఈ' మొదటి పేజీ అడుగున, కొలిచిన చోటే, ఆయన పేరు. నిదానం గారు దాన్ని వేలితో తడిమి, స్కేలు తెచ్చి మళ్లీ ఒకసారి కొలిచారు. ఎక్స్‌పెడైట్ దగ్గర మాత్రం అర్థం రెండు లైన్లూ, పుట్టుక ఒక లైనూ ఉంటే, అత్తగారి వాక్యం అయిదు లైన్లుంది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది," అని ఇల్లాలు నవ్వింది. అత్తగారు ఆ పేజీకి గుర్తుగా తన మాత్రల కవరు పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చూపించింది.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, నిదానం గారూ నిచ్చెనా ఆఫీసులో ఉండగా, కట్టే సెక్షన్ నుంచి అత్తగారికి జవాబొచ్చింది. మూడు పేజీల జవాబు. మీ మెట్ల విషయము ఎక్స్‌పెడైట్ చేయబడుచున్నదని, ఎక్స్‌పెడైట్ చేయుటకు తగు చర్యలు తీసుకొనబడుచున్నవని, ఎక్స్‌పెడైట్ చేసిన పిదప తెలియజేయబడునని, పేజీకొకసారి ఆ మాట ఉంది.

పోస్ట్‌మన్ దాన్ని బుట్టలో వేశాడు.